దూరం పెరిగినా ప్రయాణం తగ్గింది!

ప్రశ్న: ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దూరం సుమారు 12,400 కి.మీ. అంటున్నారు. గంటకు 900 కి.మీ. చొప్పున 14 గంటల్లోపే చేరాలి కదా, టికెట్‌పై ఎక్కువ ఉంటుందెందుకు?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అది గ్లోబు మీద దారం బిగించి కొలిస్తే వచ్చే అతి దగ్గరి దూరం. విమానం ఆ గీత మీదే పోదండీ. మూసి ఉన్న గగనతలాలను చుట్టి వెళ్లాలి. గేటు నుంచి రన్‌వేకి, దిగాక మళ్లీ గేటుకి పట్టే సమయాన్నీ కలుపుతారు.

అన్నిటికన్నా ముఖ్యం గాలి. దాదాపు 10 కి.మీ. ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఈ విమానాన్ని పడమరగా వెళ్లే అట్లాంటిక్ దారి (సుమారు 13,900 కి.మీ.) మాన్పించి తూర్పుగా పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం 15,300 కి.మీ.కు పెరిగినా పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది. వెనక నుంచి తోసే గాలికి అంత బలం!

టికెట్‌పై వేళలు ఏ ఊరివి ఆ ఊరివే, నేరుగా తీసివేయకండి. శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం వేసవిలో మనకన్నా పన్నెండున్నర గంటలు వెనక, చలికాలంలో పదమూడున్నర. వేసవిలో తెల్లవారుజామున 4కి ఎక్కి అక్కడ అదే రోజు ఉదయం 6కి దిగితే, 2కి పన్నెండున్నర కలపాలి.