పైన బిగుసుకునే ఎర్రనేల, అడుగున చౌడు బంకమన్ను

ప్రశ్న: ఏర్పేడు మండలంలో నాకు మూడెకరాల వర్షాధార ఎర్రనేల ఉంది. వాన పడితే పైమట్టి అడుసవుతుంది, నాలుగు రోజులు ఎండ కాస్తే గడ్డపార దిగనంతగా బిగుసుకుపోతుంది. వేరుశనగ మొలకలు పైపొరను చీల్చుకొని రాలేకపోతున్నాయి. జానెడు లోతు తవ్వితే బూడిద రంగు బంకమన్ను తగులుతోంది. చౌడు పట్టింది కనుక జిప్సం వేయమని కొందరు, జేసీబీతో లోతుగా తిరగేయించమని మరికొందరు చెబుతున్నారు. ఏది చేయాలి?

జవాబు: పరీక్ష చేయకుండా ఈ రెండింటిలో ఏదీ చేయవద్దు. జేసీబీ ఆలోచనను మాత్రం ఇప్పుడే విరమించుకోండి.

మీ వర్ణనను బట్టి ఒకే పొలంలో రెండు వేర్వేరు లోపాలు ఒకదానిపై ఒకటి ఉన్నట్టు తోస్తోంది. పైపొరలో సేంద్రియ పదార్థం తక్కువగా ఉండడం వల్ల మట్టి రేణువులను పట్టి ఉంచే బంధం బలహీనంగా ఉంటుంది. వానకు గడ్డలు విడిపోయి, సన్నటి రేణువులు సందులను పూడ్చి, ఆరాక మొత్తం ఒకే పలకగా బిగుసుకుంటుంది. అడుగు బంకమన్నులో సోడియం ఎక్కువైతే (చౌడు అంటే ఇదే) తడిసినప్పుడు మట్టి రేణువులు ఒకదాని నుంచి ఒకటి విడిపోయి నీటిలో తేలి, నీరు దిగే దారులనే మూసివేస్తాయి. అందుకే వాన కురిసిన వారం పైన నీరు నిలుస్తుంది, ఆ తరువాత కొద్ది రోజులకే పైరు వాడిపోతుంది. వేరు జానెడు దాటి దిగలేదు, దాని కింద ఉన్న తేమ పైరుకు అందదు.

సోడియం ఉందో లేదో మీరే ఇంటి వద్ద ప్రాథమికంగా చూసుకోవచ్చు. పైరు బాగున్న చోట ఒకటి, బాగోలేని చోట ఒకటి, రెండడుగుల లోతు గుంతలు తవ్వి, పైపొర నుంచీ అడుగుపొర నుంచీ శనగ గింజంత మట్టి బెడ్డలు తీసి నీడలో ఆరబెట్టండి. గాజు గ్లాసుల్లో వాననీరు పోసి, ఒక్కో గ్లాసులో ఒక్కో బెడ్డను మెల్లగా జారవిడిచి కదపకుండా ఉంచండి. బోరు నీరు వాడకూడదు, ఎందుకంటే అందులోని లవణాలు అసలు లక్షణాన్ని కప్పిపుచ్చుతాయి. బెడ్డ విరిగి కుప్పగా పడినా నీరు తేటగానే ఉంటే లోపం సేంద్రియ పదార్థానిది, అక్కడ జిప్సం వల్ల పెద్దగా ఫలితం ఉండదు. బెడ్డ చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే సోడియం ఉన్నట్టు. పది నిమిషాలకు, రెండు గంటలకు, మరునాటికి ఒకసారి చూడండి. మబ్బు ఎంత త్వరగా కమ్మితే సమస్య అంత తీవ్రం. అయితే లవణాలు ఎక్కువగా ఉన్న మట్టి సోడియం ఉన్నా మబ్బు కట్టకపోవచ్చు కనుక ప్రయోగశాల పరీక్ష తప్పదు.

నమూనాలను 0–15, 15–30, 30–60 సెంటీమీటర్ల లోతుల నుంచి విడివిడిగా తీయాలి. కలిపేస్తే పరీక్షకు అర్థమే ఉండదు. సాధారణ భూసార ఆరోగ్య కార్డులోని 12 అంశాల్లో వినిమయ సోడియం (మట్టి రేణువులకు అంటుకొని ఉండే సోడియం) లేదు, కాబట్టి దానిని ప్రత్యేకంగా అడగాలి. ఉదజని సూచిక (pH) 8.5 దాటి, మట్టి రేణువులు పట్టి ఉంచే ధన అయాన్లలో వినిమయ సోడియం వాటా 15 శాతం మించితే మన లెక్కలో అది చౌడు. ఆస్ట్రేలియాలో 6 శాతం నుంచే అలాంటి నేలలుగా గుర్తిస్తారు. వాననీటిపై ఆధారపడే మీలాంటి పొలానికి ఆ జాగ్రత్తే మేలని నా అభిప్రాయం.

జిప్సం మోతాదు ఆ ఫలితాన్ని బట్టే తేలుతుంది. ఊడలు దిగే దశలో వేరుశనగకు ఎకరాకు వేసే 200 కిలోలు కాయకు కాల్షియం, గంధకం అందించడానికే సరిపోతాయి, చౌడును బాగుచేయవు. ఉదాహరణకు, 100 గ్రాముల మట్టికి 20 మిల్లీ తుల్యాంకాల (meq) ధన అయాన్ల వినిమయ సామర్థ్యం (సోడియం, కాల్షియం వంటి వాటిని మట్టి పట్టి ఉంచే శక్తి) ఉన్న నేలలో సోడియంను 20 శాతం నుంచి 10కి దించాలంటే, 15 సెంటీమీటర్ల మందానికే ఎకరాకు సుమారు ఒకటిన్నర టన్నుల స్వచ్ఛమైన జిప్సం కావాలి. లీటరు నీటిలో అది రెండున్నర గ్రాములకు మించి కరగదు కనుక, పైన చల్లినది అడుగుపొరను చేరడానికి కొన్ని వానకాలాలు పడుతుంది. జిప్సంలోని కాల్షియం వచ్చి చేరడంతో మట్టి నుంచి విడిపోయిన సోడియం నీటితో కిందికి కొట్టుకుపోయే దారి లేకపోతే ఆ ఖర్చు వృథా అవుతుంది. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి కాబట్టి, అంతకు ముందే చల్లి, గట్లు సరిచేసి వాననీటిని పొలంలోనే ఇంకనివ్వాలి.

తిరగేయిస్తే అడుగు చౌడుమన్ను పైకి వచ్చి, ఉన్న కొద్దిపాటి మంచి మట్టిలో కలుస్తుంది. దానిని మళ్ళీ విడదీయడం ఎవరివల్లా కాదు. అడుగుపొర ఆరి ఉన్నప్పుడు, మట్టిని తిప్పకుండా చీల్చే పనిముట్టుతో, ఆ చీలికలోనే జిప్సం పడేలా చేస్తే కొంత ప్రయోజనం ఉంటుంది.

పైపొరకు చేయవలసిన పనికి పరీక్ష ఫలితం కోసం ఆగనక్కరలేదు. పదును చూసి మాత్రమే దున్నండి. పశువుల ఎరువు, వేరుశనగ పొట్టు ఏటా కలపండి; తొలకరికి జీలుగ చల్లి పూత దశలో కలియదున్నితే అది చౌడును తట్టుకొని పెరగడమే కాక, వేర్లతో అడుగుకు దారి చేస్తుంది. బోరు నీరు పెట్టే ఆలోచన ఉంటే ఆ నీటినీ పరీక్షించండి: అవశేష సోడియం కార్బొనేటు (నీటిలో కాల్షియం, మెగ్నీషియంలకు మించి మిగిలే కార్బొనేట్లు, బైకార్బొనేట్లు) లీటరుకు 2.5 మిల్లీ తుల్యాంకాలు మించిన నీరు మీరు బాగుచేసిన నేలను మళ్ళీ చౌడు చేస్తుంది.

ప్రశ్న: చిత్తూరు దగ్గర ఇలాంటి నేలలోనే మామిడి నాటాలనుకుంటున్నాము. నాటవచ్చునా?

జవాబు: మామిడి చౌడును ఓర్చుకోలేదు. గుంతలో మంచి మట్టి నింపి నాటితే మొదటి కొన్నేళ్ళు బాగానే కనిపిస్తుంది, వేరు గుంత గోడ దాటి చౌడు బంకమన్నులోకి వెళ్ళాకే ఆకు అంచులు మాడడం మొదలవుతుంది. మొక్కలు కొనకముందే, మూడు నాలుగు చోట్ల ఐదారు అడుగుల లోతు తవ్వించి ప్రతి పొరనూ పరీక్షించండి. అడుగున సోడియం ఉంటే ఆ పొలాన్ని వార్షిక పైర్లకే ఉంచండి.