డాక్టర్ సలహా: గోదాములో రసాయనాలు తీసేస్తున్నారు, మా అబ్బాయికి ఏ రక్తపరీక్ష చేయించాలి?

ప్రశ్న: మాది ఒంగోలుకు దగ్గరలోని పల్లెటూరు. ఊరి చివర ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న గోదాములో రసాయనాల డ్రమ్ములు బయటపడ్డాయి. ప్రభుత్వం వాళ్లు రెండు వారాలుగా వాటిని లారీల్లో తరలిస్తున్నారు. సాయంత్రమయ్యేసరికి పెయింటు వాసన లాంటిది ఇంట్లోకి వస్తోంది. ఎనిమిదేళ్ల మా అబ్బాయి తలనొప్పి, కళ్ల మంట అంటున్నాడు. మా అత్తగారికి ఆయాసం. మా మరిది అక్కడే కూలికి వెళ్తున్నాడు. ఒంట్లో విషం చేరిందేమో తెలుసుకోవడానికి రక్తపరీక్షలన్నీ చేయించమని ఇక్కడి ఆర్‌ఎంపీ చెబుతున్నారు. ఏవి చేయించాలి? గోదాము పక్క పొలంలోని బోరు నీళ్లే మేము తాగేది. నిరుడు పాత సామాన్ల అతని దగ్గర కొన్న నీలం డ్రమ్ములో పట్టుకుంటాం.
- ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, "ఒంట్లో విషం ఉందా" అని చెప్పే ఒకే ఒక్క రక్తపరీక్ష ఏదీ లేదు. ఏ రసాయనమో తెలిస్తేనే ఏ పరీక్ష చేయాలో, ఎన్ని రోజుల్లోపు చేయాలో వైద్యుడు చెప్పగలడు. పెయింటు వాసన వచ్చే టోలుయీన్, జైలీన్ వంటి ద్రావకాలు ఒకటి రెండు రోజుల్లోనే చాలావరకు శరీరం నుంచి వెళ్లిపోతాయి కాబట్టి, వారం తర్వాత పరీక్ష చేయిస్తే ఏమీ కనిపించదు. కనిపించనంత మాత్రాన పీల్చలేదని కాదు. సీసం అలా కాదు, రక్తంలో వారాల తరబడి, ఎముకల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కొన్ని రకాల పురుగుమందులకైతే చూడవలసింది కోలినెస్టరేజ్ అనే మరో పరీక్ష. అందువల్ల, వేలు ఖర్చుపెట్టి ల్యాబుకు వెళ్లే ముందు రసాయనాల పేర్లు తెలుసుకోండి.

ఆ పేర్లు అడిగే హక్కు మీకు ఉంది, అడిగితే దొరుకుతాయి కూడా. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇటువంటి వ్యర్థాలను సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు, ప్రతి డ్రమ్ము మీద లేబుల్ ఉండాలి, తరలించే ప్రతి లారీతోపాటు అందులో ఏముందో, ఎంత ఉందో రాసిన మానిఫెస్టు అనే పత్రం వెళ్లాలి. మీ ఊరి సచివాలయం ద్వారా గానీ, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి గానీ, ఒంగోలులోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం నుంచి ఆ జాబితా నకలు కోరండి. దాన్ని మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడికి అందజేస్తే ఊరందరికీ పనికొస్తుంది. లేబుళ్లు చెరిగిపోయిన డ్రమ్ములు ఉంటే వాటి నమూనాలను పరీక్షకు పంపారా అని కూడా అడగండి.

మీరు ఆఖరున ఒక్క ముక్కలో రాసి వదిలేసిన నీలం డ్రమ్ము నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది. దయచేసి ఈరోజే అందులో నీళ్లు పట్టడం ఆపేయండి. అది మునుపు రసాయనాలు నింపిన డ్రమ్మే కావచ్చు, ఆ ప్లాస్టిక్ ద్రావకాలను, పురుగుమందులను తనలోకి పీల్చుకుని కొద్దికొద్దిగా నీటిలోకి వదులుతుంది. సబ్బుతో, బూడిదతో, వేడినీళ్లతో ఎన్నిసార్లు తోమినా అది పోదు. కొన్నేళ్ల కిందట ఒక యువకుడు రెండు చేతుల వేళ్ల కణుపుల మీద తోలు ఊడి నా దగ్గరకు వచ్చాడు. పెళ్లి పందిట్లో నీళ్లకోసం కొన్న డ్రమ్మును చేత్తో కడిగాడట. దాని అడుగున సగం చిరిగిన లేబుల్ మీద పుర్రె గుర్తు ఇంకా కనిపిస్తూనే ఉందని అతనే చెప్పాడు. మీ డ్రమ్మును కోయవద్దు, కాల్చవద్దు, మరొకరికి అమ్మవద్దు. మూత బిగించి, నీడలో పిల్లలకు అందకుండా ఉంచి, గోదాము దగ్గరి అధికారులకే అప్పగించండి. ఇనుప డ్రమ్ములను గ్యాస్ కట్టర్‌తో కోస్తే లోపల మిగిలిన ఆవిరి అంటుకుని పేలుతుంది. పాత సామాన్ల వాళ్లకు ఈ మాట ఎవరైనా చెప్పాలి.

ఇక బోరు. గాలిలోకి లేచిన ఆవిరి చెదిరిపోతుంది, నేలలోకి ఇంకినది అంత త్వరగా పోదు. భోపాల్‌లో గ్యాస్ లీకైంది 1984 డిసెంబరులో ఒక్క రాత్రి. ఆ ఫ్యాక్టరీ ఆవరణలో మిగిలిపోయిన దాదాపు 337 టన్నుల వ్యర్థాలు కాల్చివేత కోసం మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పీథంపూర్‌కు కదిలింది 2025 జనవరిలో. ఈలోగా చుట్టుపక్కల బస్తీల భూగర్భజలం చెడిపోయింది. మీ గోదాము అంత పెద్దది కాకపోవచ్చు, నేలలోకి ఇంకే తీరు మాత్రం అదే. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో మామూలుగా చూసేది ఫ్లోరైడ్, లవణాలు, నైట్రేటు, సూక్ష్మజీవులు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ బాధ తెలిసినదే కాబట్టి ఆ పరీక్ష అవసరమే, కానీ అది బాగుందన్నంత మాత్రాన మీ బోరులో ద్రావకాలు, సీసం, క్రోమియం లేవని అర్థం కాదు. వాటిని ప్రత్యేకంగా పరీక్షించమని కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా అడగండి. ఫలితం వచ్చేదాకా తాగడానికి, వంటకు ట్యాంకరు నీళ్లో, దూరంలోని మరో వనరు నీళ్లో వాడండి. మరిగిస్తే లోహాలు పోకపోగా నీరు తగ్గి మరింత చిక్కబడతాయి, ద్రావకాలైతే ఆవిరై వంటగదిలోనే తిరుగుతాయి. గేదెలను కూడా ఆ పక్క గుంటల్లో నీళ్లు తాగనివ్వకండి.

వాసన సాయంత్రమే రావడానికి కారణం ఉంది. పగలు ఎండకు, సముద్రపు గాలికి ఆవిరి చెదిరిపోతుంది. పొద్దుగూకి గాలి నిలిచాక, గాలికన్నా బరువైన ఆ ఆవిరి నేలబారున పరుచుకుంటుంది. ఆ వేళకు గోదాము వైపు కిటికీలు మూసి, పొద్దెక్కాక తెరవండి. చాలా ద్రావకాల వాసన హాని చేసే స్థాయికన్నా ఎంతో ముందే ముక్కుకు తెలుస్తుంది కాబట్టి వాసన రాగానే ప్రాణభయం అక్కరలేదు. అబ్బాయికి ఊరు దాటి వెళ్లిన రోజు తలనొప్పి తగ్గుతోందా అన్నది గమనించి రాసిపెట్టండి. నాకు అది ఏ రక్తపరీక్షకన్నా ఎక్కువ చెబుతుంది. వీలైతే పని పూర్తయ్యేదాకా వాణ్ణి అమ్మమ్మగారింట్లో ఉంచండి. అక్కడ కూడా తగ్గకపోతే కంటి చూపు పరీక్ష చేయించండి, కారణం మరొకటి అయి ఉండవచ్చు. మీ అత్తగారు ఇన్‌హేలర్ వాడుతుంటే మానకూడదు. గుడ్డ మాస్కుగానీ ఎన్95 గానీ ఆవిరిని ఆపదు.

అందరికన్నా నాకు ఎక్కువ దిగులు మీ మరిది గురించే. అతనికి ఆవిరిని వడకట్టే రసాయన కార్ట్రిడ్జి ఉన్న మాస్కు, రబ్బరు చేతితొడుగులు, బూట్లు ఇవ్వడం, పనికి ముందూ తర్వాతా వైద్యపరీక్ష చేయించడం గుత్తేదారు బాధ్యత. దినకూలి కదా అని వదిలేయవద్దు. పని బట్టలు అక్కడే విప్పి, స్నానం చేసి ఇంటికి రావాలి. ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు. చేతులు కడగకుండా అన్నం, బీడీ ముట్టకూడదు. ఒంటి మీద చిందితే నిమ్మరసం, పెరుగు వంటివి పూయకుండా కనీసం 20 నిమిషాలు ధారగా నీళ్లు పోయాలి. మింగితే వాంతి చేయించకూడదు. చొంగ కారడం, విపరీతంగా చెమట, కంటిపాప సూదిమొనలా చిన్నదవడం పురుగుమందు లక్షణాలు. వెంటనే 108కి ఫోన్ చేయండి. యాసిడ్ పొగ పీల్చినవారు సాయంత్రం బాగానే ఉండి, అర్ధరాత్రి ఆయాసంతో లేవవచ్చు, కాబట్టి అటువంటి రోజు ఆ రాత్రంతా ఎవరైనా కనిపెట్టుకుని ఉండాలి. ఏ డ్రమ్ములు ఎత్తుతున్నాడో వాటి లేబుళ్లను ఫోన్‌లో ఫొటో తీసుకోమనండి. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ మొదట అడిగేది అదే.