రెక్టమ్ క్యాన్సర్ మీద రీసెర్చ్ చేయడానికి తిరుపతి చాలదా?

ప్రశ్న: తిరుపతిలో ఎం.ఎస్. జనరల్ సర్జరీ రెండో సంవత్సరం. పెద్దపేగు, రెక్టమ్ (పెద్దపేగు చివరి భాగం, మలాశయం) క్యాన్సర్ ఆపరేషన్ల ఫలితాల మీద రీసెర్చ్ చేయాలని ఉంది. రోబో, జీన్ ల్యాబ్ లేకుండా కుదురుతుందా?

నిక్షేపంగా కుదురుతుంది. రోబో సంగతి ముందే తేల్చేస్తాను. 2017లో వచ్చిన, రెక్టమ్ క్యాన్సర్ ఆపరేషన్లలో రోబోనూ లాపరోస్కోపీనీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్‌ను) పోల్చిన రోలార్ ట్రయల్‌లో 471 మంది రోగులున్నారు. మధ్యలో పొట్ట కోసి చేయాల్సి వచ్చింది రోబోతో 8.1 శాతం మందికి, మామూలు లాపరోస్కోపీతో 12.2 శాతం మందికి. ఆ తేడా గణాంకాల పరీక్షలో నిలబడలేదు.

రెక్టమ్ సర్జరీని మార్చిన మాట 1982లో ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ అనే చిన్న ఊరి జిల్లా ఆసుపత్రి నుంచి వచ్చింది. రెక్టమ్ చుట్టూ ఉన్న కొవ్వును, అంటే మీసోరెక్టమ్‌ను, పొర చెదరకుండా మొత్తం తీయాలని సర్జన్ బిల్ హీల్డ్ అక్కడి నుంచే రాశారు. 1986లో లీడ్స్‌లో పాథాలజిస్టు ఫిల్ క్వర్క్ బృందం చూసింది 52 మంది స్పెసిమెన్లే (ఆపరేషన్లో తీసిన పేగు ముక్కలు). పక్క అంచుకు క్యాన్సర్ తగిలిన 14 మందిలో 12 మందికి కటిలో జబ్బు తిరగబెట్టింది. వాడింది కత్తి, సిరా, మైక్రోస్కోపు. ఇవి మన దగ్గర లేవా?

లేనిదల్లా స్పెసిమెన్‌ను చూసుకునే పద్ధతి. బయట కూర్చున్న బంధువులకు గడ్డ చూపించాలని థియేటర్లోనే రెక్టమ్‌ను నిలువునా చీల్చేస్తారు. గడ్డ ఉన్నచోట గోడ తెగిందంటే ఫార్మలిన్‌లో వేశాక ముక్క ముడుచుకుపోతుంది, కొవ్వు ఒకవైపుకు లాగేస్తుంది. ఇక అంచు కొలవడం ఎవరి తరమూ కాదు. బంధువులకు చూపించండి, తప్పులేదు, కానీ చీల్చకుండా చూపించండి. ముందువైపు, వెనకవైపు స్కేలు పెట్టి ఫోటో తీయండి. పేగును గడ్డకు పైనా కిందా మాత్రమే తెరిచి, గడ్డ ఉన్న భాగంలోకి ఫార్మలిన్‌లో తడిపిన గాజుగుడ్డ దూర్చండి. చిన్న డబ్బాలో కుక్కితే మధ్యభాగం గట్టిపడదు, లింఫ్ గ్రంథులూ దొరకవు. కనీసం 12 చూడాలి. రేడియేషన్ తీసుకున్నవారిలో తగ్గవచ్చు. 48 గంటలు ఆగి, బయటి అంచుకు సిరా పూసి, 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందాన అడ్డంగా కోయాలి. గడ్డకూ సిరాకూ దూరం 1 మిల్లీమీటరో, అంతకు తక్కువో ఉంటే అంచు పాజిటివ్. మీసోరెక్టమ్ పొర పూర్తిగా ఉందా, దాదాపు ఉందా, చిరిగిందా అన్న గ్రేడు పాథాలజిస్టు ఇవ్వాలి. ఆపరేషన్ చేసినవాళ్లే తమ పనికి మార్కులు వేసుకుంటే ఆ డేటాను ఎవరూ నమ్మరు.

ఇంకో బాధ డిశ్చార్జ్ సమ్మరీ. ఆరో రోజు జ్వరం, డ్రెయిన్‌లో చీము, యాంటీబయాటిక్ మార్పు ఇవన్నీ కేస్ షీట్లో ఉంటాయి. సమ్మరీలో మాత్రం 'అన్‌ఈవెంట్‌ఫుల్' (ఏ ఇబ్బందీ రాలేదు) అని ఉంటుంది. పేగు కుట్టిన చోట ఏది లీకో మొదటి రోగిని చేర్చుకోకముందే రాసిపెట్టుకోండి. 2010 నాటి అంతర్జాతీయ వర్గీకరణ చాలు: వైద్యం మార్చనక్కర్లేనిది ఎ, డ్రెయిన్ వంటివి పెట్టాల్సి వచ్చినది బి, మళ్లీ పొట్ట తెరవాల్సి వచ్చినది సి. మిగతా కాంప్లికేషన్లకు, వాటి తీవ్రతను గ్రేడులుగా చెప్పే క్లావియన్-డిండో పద్ధతి.

థీసిస్‌లలో నాకు అసలు మింగుడుపడనిది ఇది. 100 ఆపరేషన్లలో 8 లీకులు వస్తే వాటితో షుగర్, పొగతాగడం, ఆల్బుమిన్, రేడియేషన్ అంటూ ఆరు కారణాలు తేలుస్తారు. ఒక్కో కారణానికి సుమారు 10 లీకులైనా ఉండాలన్నది పాత లెక్క. ఆ 8తో ఒక్కటి కూడా తేలదు. అందుకే తిరుపతిలోని రుయా, స్విమ్స్, స్వికార్ వంటి ఆసుపత్రుల్లో మీ బ్యాచ్‌వాళ్లతో ఒకే ఫారం వాడేలా ఒప్పందం చేసుకోండి.

అన్నిటికన్నా కష్టమైంది ఫాలో-అప్. పుంగనూరు, పలమనేరు, కుప్పం వైపు వాళ్లు తర్వాతి చెకప్‌కు వేలూరుకో బెంగళూరుకో పోతారు. మన ఫైల్లో ఆచూకీ లేదని పడుతుంది, ఆ తర్వాత వాళ్లను బతికున్న లెక్కలో వేసేస్తారు. చివరిసారి చూసిన తేదీ దగ్గరే లెక్క ఆపాలి. సిమ్ మారిపోతుంది కాబట్టి రోగి నంబరుతో పాటు కొడుకుదో కూతురిదో, ఊళ్లో ఆశా కార్యకర్తదీ రాసుకోండి. మొదటి రెండేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, తర్వాత ఐదేళ్లు నిండేదాకా 6 నెలలకోసారి సీఈఏ (క్యాన్సర్ తిరగబెట్టిందేమో సూచించే రక్తపరీక్ష) చూడాలి. మీ కోర్సు అంతలోపే అయిపోతుంది. రిజిస్టర్ ఏ జూనియర్‌కు అప్పగిస్తారో ఇప్పుడే అనుకోండి.

ఎథిక్స్ కమిటీకి పంపే సమ్మతి పత్రంలో 'ఐదేళ్లపాటు నాకూ, నేను పేరిచ్చిన బంధువుకూ ఫోన్ చేయవచ్చు' అన్న వాక్యం తప్పక పెట్టండి. అది లేకపోతే తర్వాత ప్రతి రోగినీ వెతికి మళ్లీ సంతకం పెట్టించుకోవాలి.