గీత గీసినట్టు పోవాలంటే: ఆర్‌సీ ట్రక్కు గురించి మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

నీ ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే) ట్రక్కు సగం థ్రాటిల్ దాకా బుద్ధిగా పోయి, ఆ పైన పాములా మెలికలు తిరుగుతోందని రాశావు. జైరో (బండి పక్కకి తిరిగితే కనిపెట్టి స్టీరింగ్‌ని తానే సరిదిద్దే పరికరం) కొని పెడితే సరిపోతుందా అని అడిగావు. సరిపోదు. లూజు కీళ్ల మీద జైరో పెట్టడమంటే పైన పటారం, లోన లొటారం. ఆ జైరో కనపడని జబ్బుని ఇంకో ఇరవై కిలోమీటర్ల వేగం దాకా దాచిపెడుతుంది. అక్కడ బయటపడినప్పుడు బండి ముక్కలు ఏరుకోవాలి. కొనడం సంగతి తర్వాత, ముందు విప్పు.

విప్పే ముందు ఒక పని చెయ్యి. మెలిక ఎప్పుడు మొదలవుతోందో కనిపెట్టు. థ్రాటిల్ నొక్కుతున్నప్పుడా, వదిలిన క్షణానా, బ్రేకు పడినప్పుడా, లేక ఫలానా వేగానికి చేరినప్పుడల్లానా? నాలుగింటికీ నాలుగు కారణాలు. నొక్కినప్పుడు లాగితే టైర్లలో ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ అయి ఉండొచ్చు, డిఫ్ (చక్రాలకి శక్తిని పంచే డిఫరెన్షియల్ గేరు) పాడై ఉండొచ్చు, లేదా బరువు ఒక పక్కకి ఉండొచ్చు. వదలగానే పక్కకి దూకితే స్టీరింగ్ లూజు. బ్రేకులో తోక తిరిగితే బ్రేకు ఎక్కువ. ఎప్పుడూ ఒకే వేగం దగ్గర వణుకు పుడితే చక్రాల బ్యాలెన్స్. ఇంకోటి, ఒకే దిక్కులో నడిపి తీర్పు చెప్పకు. చాలా రోడ్లు నీళ్లు జారడానికి అంచులవైపు వాలుగా ఉంటాయి, బండి ఆ వాలుకే లాగుతుంది. రోడ్డు అదే భాగం మీద పోను ఒకసారి, రాను ఒకసారి నడుపు. పోయేటప్పుడు ఎడమకీ వచ్చేటప్పుడు కుడికీ లాగితే తప్పు రోడ్డుది, లేదా పక్కగాలిది. రెండుసార్లూ ఎడమకే లాగితేనే బండిది.

ఇక లూజు. సర్వోకి (స్టీరింగ్ తిప్పే చిన్న మోటరు) కరెంటు ఇచ్చి, ముందు చక్రాన్ని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా ఆడించు. సర్వో హార్న్ (దాని మీది చిన్న చెయ్యి) కదలకుండా చక్రం ఒకటి రెండు మిల్లీమీటర్లు కదులుతోందంటే ఆ మధ్యలో ఎక్కడో ఖాళీ ఉంది. హార్న్ దగ్గర మొదలుపెట్టి వరసగా చూసుకుంటూ రా: సర్వో సేవర్ (దెబ్బ సర్వోకి తగలకుండా ఆపే స్ప్రింగు కీలు), బెల్‌క్రాంకు (సర్వో కదలికని చక్రాలకి అందించే మడత చెయ్యి) బుష్‌లు, లింకు చివరి బాల్ కప్పులు, హబ్ బేరింగులు, చివరికి చక్రం కూర్చునే హెక్స్. సేవర్ స్ప్రింగు మెత్తగా ఉంటే గాలికీ కుదుపుకీ చక్రాలు తమంతట తామే తిరుగుతాయి. గుద్దినప్పుడు మాత్రమే ఇచ్చేంత బిగించు, పూర్తిగా లాక్ చెయ్యకు, సర్వో పళ్లు పోతాయి. బెల్‌క్రాంకులో ప్లాస్టిక్ బుష్‌లుంటే తీసేసి బాల్ బేరింగులు వెయ్యి. బాల్ కప్పులు అరిగితే కొత్తవి వెయ్యడమే, దానికి మరమ్మతు లేదు. హింజ్ పిన్నుల దగ్గర, చక్రాన్ని మోసే ఆర్మ్ ముందుకీ వెనక్కీ జరుగుతుంటే పల్చటి షిమ్ వాషర్లు పెట్టు. కానీ షాక్ విప్పేసి ఆర్మ్‌ని ఎత్తి వదిలితే దాని బరువుకి అదే కింద పడాలి. ఆగిపోతే షిమ్ ఎక్కువైనట్టు. లోహంలో లోహం బిగిసే ప్రతి స్క్రూకీ నీలం థ్రెడ్ లాక్ ఒక చుక్క. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలకి మాత్రం వద్దు, అది కొన్ని ప్లాస్టిక్‌లని పగిలేలా చేస్తుంది.

లూజు మీద ఇంత పట్టు ఎందుకంటే, నాలుగు చక్రాలూ లాగే బండిలో థ్రాటిల్ ఉన్నప్పుడు ముందు చక్రాలు లోపలికి ముడుచుకోవాలని చూస్తాయి. వదలగానే నేల వాటిని బయటికి తోస్తుంది. కీళ్లలో ఖాళీ ఉంటే నువ్వు బల్ల మీద పెట్టిన టో (చక్రాలు ఎటు చూస్తున్నాయన్న) కొలత పరుగులో ఉండదు, థ్రాటిల్‌తో పాటు మారిపోతుంటుంది. వదలగానే బండి దూకడానికి కారణం ఇదే. అందుకే లూజు తియ్యకముందు టో కొలవడం దండగ.

టో అంటే పైనుంచి చూస్తే చక్రాలు ముక్కులు ఎటు పెట్టాయన్నది. నేరుగా పోవాలంటే వెనక చక్రాలు ఒక్కొక్కటి 2 నుంచి 3 డిగ్రీలు లోపలికి చూడాలి. ముందువి సున్నా నుంచి 1 డిగ్రీ లోపలికి. ముందు చక్రాలు బయటికి చూస్తే వంపుల్లో చురుగ్గా తిరుగుతుంది గానీ నేరు దారిలో ఎప్పుడూ ఏదో ఒక వైపు దారి వెతుక్కుంటూనే ఉంటుంది. వెనకవి పొరపాటున బయటికి చూస్తే బండి నిలవదు, అంతే. కొలవడానికి ప్రత్యేక సామానేమీ అక్కర్లేదు. రెండు ముందు టైర్ల ముందు అంచున, ఇరుసు ఎత్తులో సుద్దతో గుర్తు పెట్టి వాటి మధ్య దూరం కొలువు. బండిని తోసి అవే గుర్తులు వెనక్కి వచ్చాక, అదే ఎత్తులో మళ్లీ కొలువు. అవే గుర్తులు వాడడం వల్ల రిమ్ము వంకర ఉన్నా లెక్క చెడదు. టైరు వ్యాసం 150 మిల్లీమీటర్లయితే, ఒక్కో చక్రం 1 డిగ్రీ లోపలికి ఉన్నప్పుడు వెనక కొలత కంటే ముందు కొలత దాదాపు 5 మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది. ఇదే పద్ధతి వెనక చక్రాలకీను. 2.5 డిగ్రీలకి తేడా 13 మిల్లీమీటర్లు. మొత్తం తేడా సరిపోతే చాలదు, కుడీ ఎడమా సమానంగా పంచుకోవాలి. దానికి చాసిస్ మధ్యగీత నుంచి కొలవాలి. ముందు ట్రాన్స్‌మిటర్‌లో ట్రిమ్ (స్టీరింగ్ మధ్యస్థానాన్ని జరిపే సర్దుబాటు) సున్నా చేసి, సర్వో హార్న్ నడిమధ్య ఉండేలా పెట్టి, అప్పుడు లింకుల పొడవు మార్చే టర్న్‌బకిల్స్ తిప్పు. ట్రిమ్‌తో వంకర సరిదిద్దితే అది సరిదిద్దినట్టు కాదు, ఒక వంకరకి ఇంకో వంకర తోడు తెచ్చినట్టు.

క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం, లోపలికి మైనస్) విషయంలో ఎక్కువ ఆలోచించకు, ముందూ వెనకా మైనస్ 1 డిగ్రీ దగ్గర పెట్టు. నాలుగైదు పరుగుల తర్వాత టైరు లోపలి అంచే అరుగుతుంటే సున్నా వైపు తగ్గించు. క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) మార్చే వీలు నీ బండికి ఉంటే పెంచు. క్యాస్టర్ ఎక్కువైతే చక్రాలు వాటంతట అవే మధ్యకి వస్తాయి.

ఇప్పుడు టైర్లు. చాలామంది డబ్బు మోటరు మీద పెడతారు, నేలని పట్టుకునేది టైరని మరిచిపోయి. మామూలు రబ్బరు టైరు వేగం పెరిగేకొద్దీ ఉబ్బుతుంది, మధ్యభాగం ఎత్తుగా లేచి అంచులు నేలని వదిలేస్తాయి. అప్పుడు నీ ట్రక్కు నాలుగు సన్నటి సైకిల్ చక్రాల మీద పోతున్నట్టే. గట్టి వేగానికి లోపల పట్టీ అల్లిన బెల్టెడ్ టైర్లే దారి. రిమ్ముకి అతికించేటప్పుడు పాత జిగురు, అచ్చు తాలూకు జిడ్డు స్పిరిట్‌తో తుడిచి, పల్చటి సూపర్ గ్లూ రెండు పక్కలా చుట్టూ రానివ్వు. వేలితో అంచు లాగి చూస్తే ఎక్కడా తెరుచుకోకూడదు. ఆ తర్వాత బ్యాలెన్స్. గ్రీజు కడిగిన బేరింగు మీద చక్రాన్ని తేలిగ్గా తిరిగేలా నిలబెట్టి వదులు. బరువున్న వైపు కిందికొచ్చి ఆగుతుంది. దానికి ఎదురుగా, రిమ్ము లోపల, బ్యాలెన్సింగ్ పుట్టీ చిటికెడు అంటించు. ఎక్కడ ఆపితే అక్కడే ఆగేదాకా ఈ పని సాగాలి. తడి నేల మీద నడిపాక లోపలి ఫోమ్ నీళ్లు పీల్చుకుంటుంది, నిన్న సరిగ్గా ఉన్న చక్రం ఈరోజు వణకడానికి అదొక కారణం. చక్రాలన్నీ బాగుండి ఇంకా వణికితే ఇరుసులూ, మధ్య షాఫ్టూ విప్పి గాజు పలక మీద దొర్లించు. వంగినది తడబడుతుంది.

సస్పెన్షన్‌కి వస్తే, దుమ్ములో ఎగరడానికి పెట్టిన ఎత్తు రోడ్డు మీద శత్రువు. ముందు చాసిస్ నేలకి 20 నుంచి 25 మిల్లీమీటర్లు, వెనక దానికంటే 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచు. ముక్కు కొంచెం వంగి ఉండాలి, ఎందుకో గాలి దగ్గర చెబుతాను. దించడానికి స్ప్రింగు ప్రీలోడ్ (ముందే నొక్కి ఉంచే బిగువు) వదులు చెయ్యడం ఒక్కటే చాలదు. షాక్ లోపల పిస్టన్ కింద చిన్న ట్యూబు ముక్క వేసి, షాక్ పూర్తిగా సాగకుండా ఆపు. ముక్కలు కుడికీ ఎడమకీ ఒకే పొడవుండాలి. స్ప్రింగులు ఒక మెట్టు గట్టివి, ఆయిల్ 50 నుంచి 60 వెయిట్ (చిక్కదనం కొలత) దగ్గర మొదలుపెట్టు. ఆయిల్ పోశాక పిస్టన్ నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించి బుడగలన్నీ పోయేదాకా ఆగు, ఒక షాక్‌లో గాలి మిగిలితే ఆ మూల వేరేగా నడుస్తుంది. అన్నీ బిగించాక, బ్యాటరీతో సహా బండిని చదును బల్ల మీద పెట్టి, ముందు బంపర్‌ని సరిగ్గా మధ్యలో స్క్రూడ్రైవర్ మొనతో ఎత్తు. రెండు ముందు చక్రాలూ ఒకేసారి లేవాలి. ఒకటి ముందుగా లేస్తే, ఆ చక్రం మీద బరువు తక్కువ. ముందు బ్యాటరీ ఒక పక్కకి జరిగిందేమో చూడు, ఆ తర్వాతే వెనక ప్రీలోడ్ జోలికి పో. తేలిగ్గా ఉన్న చక్రానికి ఐమూలగా ఉన్న వెనక షాక్‌కి కొద్దిగా ప్రీలోడ్ పెంచితే సమం అవుతుంది. వెనక కూడా ఇలాగే ఎత్తి చూడు.

డిఫ్‌లలో మధ్యది కీలకం. అందులో ఆయిల్ పల్చగా ఉంటే, ముక్కు తేలికపడగానే శక్తంతా ముందుకి పారిపోతుంది. ముందు చక్రాలు గాలిలో గిర్రున తిరిగి ఉబ్బుతాయి, స్టీరింగ్ పోతుంది. నేరు పరుగుకి మధ్య డిఫ్‌లో 1,00,000 నుంచి 5,00,000 సీఎస్‌టీ (ఇదీ చిక్కదనం కొలతే) ఆయిల్ వెయ్యి. ముందూ వెనకా 10,000 నుంచి 20,000 చాలు. వెనకది మరీ చిక్కగా చేస్తే, నువ్వు చిన్నగా స్టీరింగ్ ఇచ్చినప్పుడు తోక ఒక్కసారిగా జారుతుంది. ఆయిల్ అడ్డపిన్ను మునిగేంత పొయ్యి, మూతదాకా నింపితే సీలులోంచి కారుతుంది.

గాలి. ఇక్కడే ట్రక్కుకీ కారుకీ తేడా. గాలి ఎత్తే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఎత్తే బలం నాలుగింతలు. గంటకి 60 కిలోమీటర్లలో నీకు తెలియని లోపం 120లో బండిని గాలిలోకి లేపుతుంది. ముక్కు వంచి ఉంచమన్నది అందుకే. ట్రక్కు బాడీ లోపలంతా ఖాళీ, ముందునుంచి దూరిన గాలికి వెనక దారి లేక గొడుగులా పట్టుకుంటుంది. బాడీని పోస్టుల మీద వీలైనంత కిందికి దించు, చక్రాలు పూర్తి తిరుగుడులో తగలకుండా. వెనక భాగంలో, వెనక చక్రాల వెనుక పక్కల్లో పెద్ద రంధ్రాలు కొయ్యి. ముందు బంపర్ వెడల్పుగా పైకి తిరిగి ఉంటే అదొక చేట, విప్పేసి, నేలకి దగ్గరగా ఉండే ఫోమ్ బంపర్ పెట్టు. వెనక స్పాయిలర్ పెద్దది పెట్టి ముందు ఏమీ చెయ్యకపోతే, తోక నొక్కుకుని ముక్కు లేస్తుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. ముందు ముక్కు, ఆ తర్వాతే తోక. బాడీ షెల్ అంచులు వేగంలో రెపరెపలాడుతుంటే లోపలివైపు ఫైబర్ టేపు వేసి గట్టి చెయ్యి.

గేరు లెక్క నీకు తెలిసిందే, అయినా ఒకసారి వేసి చూడు. 2200 కేవీ మోటరు (ఓల్టుకి నిమిషానికి 2200 చుట్లు), 4ఎస్ (వరసగా నాలుగు సెల్స్) బ్యాటరీ 14.8 ఓల్టులు, నిమిషానికి 32,560 చుట్లు. స్పర్ (పెద్ద గేరు) పళ్లు 50, పినియన్ (మోటరు మీది చిన్న గేరు) పళ్లు 15, డిఫ్ నిష్పత్తి 3 అయితే మొత్తం తగ్గింపు 10. టైరు చుట్టుకొలత 0.471 మీటర్లు. గంటకి 92 కిలోమీటర్లు, కాగితం మీద. గాలీ ఘర్షణా తినేది పోను నేల మీద తక్కువే వస్తుంది. పినియన్‌కి ఒక్క పన్ను పెంచితే కాగితం మీద 98 అవుతుంది. ఒక్కసారికి ఒక్క పన్నే. పెంచాక ఒక పరుగు తీసి మోటరు వేడి కొలువు, 80 డిగ్రీల సెల్సియస్ దాటితే వెనక్కి రా. గేర్ల మధ్య పల్చటి కాగితం ముక్క పెట్టి బిగించి, తీసేస్తే సరైన ఖాళీ మిగులుతుంది.

ట్రాన్స్‌మిటర్‌లో స్టీరింగ్ డ్యూయల్ రేట్ (చక్రాలు తిరిగే గరిష్ఠ హద్దు) 40 నుంచి 50 శాతానికి తగ్గించు. ఎక్స్‌పో అనే సెట్టింగుతో స్టీరింగ్ మధ్యలో మెత్తదనం తెచ్చుకో. కంపెనీని బట్టి ప్లస్సూ మైనస్సూ తిరగబడుతుంటాయి, అంకెని కాకుండా చక్రాన్ని చూసి పెట్టు. ఈఎస్‌సీలో (మోటరు వేగాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) పంచ్ (మొదటి దూకుడు) తగ్గించు, డ్రాగ్ బ్రేకు (ట్రిగ్గర్ వదలగానే తానే పడే బ్రేకు) సున్నా, బ్రేకు 20 నుంచి 30 శాతం, రివర్స్ ఆపేసి ఉంచు. చక్రాలు గాలిలో ఉండగా ట్రాన్స్‌మిటర్ ఆపి చూడు, మోటరు ఆగాలి. ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటరు ఆపే సెట్టింగు) పెట్టేదాకా బండి గడప దాటకూడదు.

ఇవన్నీ అయ్యాక జైరో, కావాలంటే. బండిని చేత్తో కుడికి తిప్పితే చక్రాలు ఎడమకి తిరగాలి. అదే వైపు తిరిగితే దిశ తప్పు, ఆ సెట్టింగుతో నడిపితే మొదటి పరుగే ఆఖరిది. గెయిన్ (జైరో ఎంత గట్టిగా సరిదిద్దాలన్నది) 20 శాతంతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచు. ముందు చక్రాలు టకటకా కొట్టుకోవడం మొదలైతే ఒక మెట్టు దిగు.

పరుగు పెట్టే చోట మనుషులూ జంతువులూ ఉండకూడదు, నువ్వు కూడా బండి దారిలో ఎదురుగా నిలబడకు, పక్కకి, దూరంగా ఉండు. గంటకి 90 అంటే సెకనుకి 25 మీటర్లు. నీ వేలు కదిలేలోపు, పావు సెకనులో, ఆరు మీటర్లు పోతుంది. నాలుగు కిలోల బండి ఆ వేగంలో మోకాలికి తగిలితే ఎముక నిలవదు. మొదటి రెండు పరుగులూ సగం థ్రాటిల్‌తో, టైర్లు వెచ్చబడడానికి. తర్వాత ట్రిగ్గర్‌ని మూడు సెకన్లు తీసుకుని నొక్కు, అంతే నెమ్మదిగా వదులు. మెలిక మొదలైతే బ్రేకు వెయ్యకు, ఎదురు స్టీరింగ్ ఇవ్వకు, మెల్లగా వదిలి ఊరుకో.

ఒక పరుగుకి ఒక్క మార్పు. టో ఎంత, ఎత్తు ఎంత, ఏ ఆయిల్, జీపీఎస్ మీటరులో రెండు దిక్కుల వేగాలు, మోటరు వేడి, మెలిక ఎక్కడ మొదలైందో నోట్‌బుక్కులో రాసుకో. ముందు ఆ బెల్‌క్రాంకు విప్పి, బుష్‌లు ఏ స్థితిలో ఉన్నాయో ఫొటో తీసి పంపు.

మీ మావయ్య