యాక్సెస్ ఫైలుతో విసిగిపోయాను, డేటా సైన్స్‌లో చేరనా?

ప్రశ్న: బీకాం కంప్యూటర్స్ చదివి గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. మిర్చి టిక్కీల స్టాకు, అద్దెలు, రైతుల ఖాతాలు అన్నీ మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రామ్ ఎంఎస్ యాక్సెస్‌లోనే. టేబుల్స్ ఒక ఫైలులో, ఫారాలు మరో ఫైలులో పెట్టి ఆరు సిస్టమ్‌ల నుంచి వాడుతున్నాం. అయినా సీజన్‌లో డేటాబేస్ మాటిమాటికీ కరప్ట్ అవుతోంది, తిట్లు నాకు. ఉద్యోగం మానేసి హైదరాబాద్ వెళ్లి డేటా సైన్స్ కోర్సు చేయమంటారా?

జవాబు: ఇప్పుడే మానకండి. ముందు ఆ ఫైలు సంగతి తేల్చండి. రెజ్యూమెలో రాసుకోవడానికి ఇంత అసలైన ప్రాజెక్టు అమీర్‌పేటలో ఏ కోర్సూ ఇవ్వదు.

మొదట చూడాల్సింది, ఆరుగురూ సర్వర్‌లో ఉన్న ఒకే ఫారాల ఫైలును తెరుస్తున్నారా అని. విడగొట్టగానే పని అయిపోయిందనుకుని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఫారాల ఫైలు ఎవరి కాపీ వారి సిస్టమ్‌లో ఉండాలి. షేర్డ్ ఫోల్డర్‌లో టేబుల్స్ ఫైలు మాత్రమే ఉండాలి. దాన్ని వన్‌డ్రైవ్‌లాంటి సింక్ ఫోల్డర్‌లో మాత్రం పెట్టకండి.

ఇక అసలు కారణం. యాక్సెస్‌లో సర్వర్ చేసే పనేమీ లేదు, ఫైలును దాచిపెట్టడం తప్ప. చదివేదీ రాసేదీ ఒక్కో సిస్టమ్‌లోని యాక్సెసే. రాస్తుండగా నెట్‌వర్క్ తెగితే ఆ రాత సగంలో ఆగి ఫైలు పాడవుతుంది. అందుకే వైఫై మీద నడిచే లాప్‌టాప్ ఉంటే కేబుల్‌కి మార్చండి. కరెంటు పోయినప్పుడు సిస్టమ్‌లన్నీ యూపీఎస్ మీద వెలుగుతూనే ఉంటాయి, సిస్టమ్‌ల కేబుళ్లను కలిపే, మూలనున్న నెట్‌వర్క్ స్విచ్ మాత్రం ఆరిపోతుంది. దాని ప్లగ్గు ఎక్కడుందో ఈరోజే చూడండి.

'ఇన్‌కన్సిస్టెంట్ స్టేట్' అని మెసేజ్ వస్తోందా? 2018లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ తర్వాత ఈ గొడవ చాలాచోట్ల మొదలైంది. ఫైలు ఉన్న కంప్యూటర్‌లో 'లీజింగ్' అనే నెట్‌వర్క్ సెట్టింగ్‌ను ఆపమని మైక్రోసాఫ్టే సూచించింది. సిస్టమ్స్ చూసే టెక్నీషియన్‌తో చేయించండి. రోజూ పని ముగిశాక అందరూ బయటికి వచ్చారో లేదో చూసి బ్యాకప్ తీయండి. టేబుల్స్ ఫైలు పక్కనే ఎల్ఏసీసీడీబీ ఫైలు (డేటాబేస్ తెరిచి ఉన్నప్పుడు యాక్సెస్ పెట్టే లాక్ ఫైలు) కనిపిస్తుంటే ఎవరో ఇంకా లోపలే ఉన్నారని అనుమానించాలి. ఫైలును కుదించి సరిచేసే 'కాంపాక్ట్ అండ్ రిపేర్' చేసేదైనా బ్యాకప్ తీశాకే.

ఇక కెరీర్ మాట. యాక్సెస్ ఒక్కటే వచ్చినవాళ్లకు ఉద్యోగాలు తక్కువ, అది నిజం. కానీ డేటాబేస్‌లను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్ వస్తే లెక్క మారుతుంది. అన్‌సీజన్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ సర్వర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ దించుకోండి, ఉచితమే. యాక్సెస్ ఫైలు పరిమితి 2 జీబీ అయితే, ఎక్స్‌ప్రెస్ 2022 వెర్షన్‌లో ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ. మీ యాక్సెస్ డేటాబేస్ కాపీ ఒకటి తీసుకుని, టేబుల్స్ ఎక్స్‌ప్రెస్‌లోకి మార్చి, పాత ఫారాలను ఓడీబీసీ అనే కనెక్షన్ పద్ధతితో లింక్ చేసి చూడండి. అక్కడ రాసేది సర్వరే, సగంలో ఆగిన ట్రాన్సాక్షన్‌ను (ఒకేసారి పూర్తవ్వాల్సిన రాతను) వెనక్కి తీసేదీ అదే. ఈ తేడాను మీ ఆఫీసు ఉదాహరణతో వివరించగలిగితే ఎస్‌క్యూఎల్ డెవలపర్, ఎంఐఎస్ (ఆఫీసు రిపోర్టులు తయారుచేసే) ఎగ్జిక్యూటివ్ ఇంటర్వ్యూల్లో మీ మాటకు విలువ ఉంటుంది. డేటా సైన్స్‌కు స్టాటిస్టిక్స్ కావాలి, ఇష్టముంటే తర్వాత చూద్దాం.

ఒక జాగ్రత్త: ప్రాక్టీసు కోసం రైతుల ఖాతాలను పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తీసుకెళ్లకండి. యజమానికి చెప్పి, పేర్లు, ఫోన్ నంబర్లు మార్చిన కాపీ మీదే పనిచేయండి.