సంగటి ఒక్కటే చాలదు తమ్ముడూ, పక్కన మనిషి కూడా ఉండాలి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. అమెరికాలో మినియాపోలిస్ వచ్చి ఏడాది కాలేదు, బరువు పెరిగింది, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 5.9 వచ్చింది. ఊళ్ళో ఎనభై దాటిన నాయనమ్మ ఇంకా కళ్ళజోడు లేకుండా బియ్యం ఏరుతోంది కాబట్టి ఇక ఆవిడలాగే బతకాలని రాగులు, జొన్నలు, కొర్రలు, చద్దన్నం, పొద్దుగూకక ముందే భోజనం, వారానికో తలంటు అన్నీ ఒకేసారి మొదలుపెట్టావు. మంచిదే. కానీ వీటికోసం ఆఫీసువాళ్ళతో లంచ్‌కి వెళ్ళడం, ఫ్రెండ్స్ ఇళ్ళకి వెళ్ళడం మానేశానని చివర్లో ఒక ముక్క రాశావు చూడు, నాకు టెన్షన్ పుట్టించింది అదే.

ముందు డాక్టర్ల సంగతి రెండు మాటల్లో చెప్తాను. ఆ పరీక్షలో 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకి ముందు దశ అంటారు. మన ఆసియా వాళ్ళకి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు లెక్క, 23 నుంచే షుగర్ పరీక్ష చేయించుకోమంటారు, మిగతావాళ్ళకి 25. ఏడాదికోసారి చెకప్ చాలా ఇన్సూరెన్స్ ప్లాన్లలో ఉచితం, నీ ప్లాన్ సంగతి వాళ్ళ సైట్‌లో చూసుకో. ఇవన్నీ ఎక్కడైనా దొరికే విషయాలే.

దొరకనిది నేను చెప్తాను. నేను అనంతపురం వైపునుంచి వచ్చినదాన్ని, ఇక్కడికి వచ్చిన కొత్తలో నీ వయసే. అప్పట్లో రాగిపిండి కావాలంటే ఊరికి ఆ చివరన ఉన్న ఒక్క ఇండియన్ స్టోర్‌కి రెండు బస్సులు మారి వెళ్ళాలి, మీకిప్పుడు ఫోన్లో నొక్కితే గుమ్మంలోకి వస్తోంది, ఆ కష్టం మీ బ్యాచ్‌కి తెలియదులే. తెచ్చి, మా తాత తిన్నంత ముద్దే నేనూ తినేదాన్ని. ఆయన తెల్లవారకముందే చేలోకి వెళ్ళి పొద్దుపోయేదాకా వంగి లేచిన మనిషి, నేనేమో కుర్చీలో కూర్చుని కీబోర్డు కొట్టే మనిషిని. సంగటిలో సగం అన్నమే కదా, అది ఎక్కడికి పోతుంది? ముద్ద సగం చేసి, పక్కన పప్పు, ఆకుకూర, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెంచాక గానీ నా షుగర్ మాట వినలేదు.

పొద్దుగూకక ముందే తినాలన్న నియమం ఇంకో తలనొప్పి. మన ఊళ్ళో ఏడాది పొడుగునా పొద్దు ఇంచుమించు ఒకే వేళకి గూకుతుంది. ఇక్కడ డిసెంబర్లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి, జూన్‌లో రాత్రి తొమ్మిదైనా వెలుతురే. నేను చలికాలం నాలుగింటికి ఆఫీసులో బాక్స్ తెరిచి తినేదాన్ని, రాత్రి పదికి ఆకలేసి జంతికల డబ్బా ఖాళీ చేసేదాన్ని. సూర్యుణ్ణి వదిలెయ్యి, పడుకునే వేళకి మూడు గంటల ముందు తిను, చాలు. ఎండ సంగతీ అంతే, ఈ చలికాలపు ఎండలో నిలబడితే విటమిన్ డి రాదు, పరీక్ష చేయించుకుని డాక్టర్ చెప్పినట్టు మాత్ర వేసుకో. చద్దన్నం ఎందుకు పులియడం లేదని అడిగావు, ఇల్లు చల్లగా ఉండబట్టే. ఇడ్లీపిండి అయితే అవెన్‌లో లైటు వేసి లోపల పెట్టు, పొంగుతుంది. అన్నాన్ని మాత్రం అలా గంటలకొద్దీ బయట వదిలెయ్యకు, కడుపు చెడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున మజ్జిగ కలుపుకో.

ఇంకోటి, తాతల కాలపు మందులని ఎవరైనా పేరూ ఊరూ లేని చూర్ణాలు ఇస్తే నోట్లో వేసుకోకు. బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో అమ్మిన ఆయుర్వేద మందులు 70 పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ లాంటివి ఉన్నాయని 2004లోనే బయటపడింది. వంటింట్లో వాడే మిరియం, జీలకర్ర, పసుపు చాలు, అవి కూడా లేబుల్ ఉన్నవే కొను.

ఇప్పుడు అసలు విషయం. ఆ చలికాలం నేను ఎవరు పిలిచినా "మీ ఇంట్లో తెల్లన్నం, నేను తినను" అని వెళ్ళలేదు. రెండోసారి పిలిచారు, మూడోసారి పిలవలేదు. శుక్రవారం సాయంత్రం ఆఫీసులో బై చెప్తే మళ్ళీ సోమవారం దాకా మనిషి గొంతు ఫోన్లో అమ్మదే. తిండి పద్ధతిగానే ఉంది, నిద్ర మాత్రం పోయింది, బీపీ పెరిగింది. ఆ జంతికలు కూడా ఆకలికంటే ఎక్కువ ఆ నిశ్శబ్దానికే తిన్నానని ఇప్పుడు తెలుస్తోంది. 2023లో ఈ దేశానికి సర్జన్ జనరల్‌గా, అంటే ప్రజారోగ్యానికి ప్రభుత్వ పెద్ద డాక్టర్‌గా ఉన్న వివేక్ మూర్తి ఒంటరితనం మీదే ప్రత్యేకంగా ఒక హెచ్చరిక విడుదల చేశారు, గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతుందని అందులో ఉంది. నేను అది చదివి ఆశ్చర్యపోలేదు.

నన్ను దారిలో పెట్టింది కింది ఫ్లోర్‌లో కొడుకు దగ్గరికి కడపనుంచి వచ్చిన ఒక పెద్దమ్మ. పగలంతా ఇంట్లో ఒక్కతే ఉండి ఆవిడకీ పిచ్చెక్కుతోంది. జొన్నరొట్టె విరిగిపోతోందంటే నా పిండి వాసన చూసి "ఇది పాతదమ్మా, నువ్వెంత పిసికినా ఇంతే" అంది. కొత్త పిండి, కాగిన నీళ్ళు, అరచేత్తో బాగా మెదపడం, మిగిలిన పిండి ఫ్రీజర్‌లో, అంతే కిటుకు. ఆవిడ రొట్టె తడుతుంటే నేను కాల్చేదాన్ని, ఆ వాసనకి ఎదురు ఫ్లాట్ పిల్లలు కూడా వచ్చేవారు. మీ నాయనమ్మ ఏనాడైనా ఒంటరిగా కూర్చుని తిన్నదా, అమ్మను అడిగి చూడు. వండేటప్పుడు ఎవరో ఒకరు గడపలో ఉంటారు, తిన్నాక అరుగు మీద ఇంకొకరు ఉంటారు. ఆ భాగం వదిలేసి ఒక్క కొర్రలు పట్టుకుంటే ఆవిడ ఆరోగ్యం ఎలా వస్తుంది చెప్పు?

కాబట్టి ఇంట్లో వండుకున్న రోజు రాగి, జొన్న నీ ఇష్టం. ఎవరైనా పిలిస్తే వెళ్ళు, అన్నం ఒక గరిటె పెట్టించుకో, కూర ఎక్కువ వేయించుకో, మాట్లాడు. చలికి బయట నడవలేకపోతే డౌన్‌టౌన్‌లో భవనాల్ని కలిపే స్కైవేలు మైళ్ళ కొద్దీ ఉన్నాయి, బ్లూమింగ్టన్‌లో మాల్ ఆఫ్ అమెరికా షాపులు తెరవకముందే నడిచేవాళ్ళని లోపలికి రానిస్తుంది, మన పెద్దవాళ్ళు చాలామంది అక్కడ కనిపిస్తారు, పలకరించు. ఆదివారం మేపుల్ గ్రోవ్ గుడికి వెళ్ళు, దండం పెట్టుకుని గబగబా పార్కింగ్‌కి పరిగెత్తకుండా కాసేపు కూర్చో. ఈ శనివారం మాత్రం నీ రూమ్మేట్‌నీ, లంచ్‌కి పిలిచి పిలిచి ఊరుకున్న ఆ ఆఫీసువాళ్ళలో ఒకరినైనా రొట్టెలకి పిలువు. పిండి కొత్తదో కాదో ముందే చూసుకో, విరిగితే నాకు ఫోటో పెట్టు.