విండో ‘తెరవబడింది’ అనాలా, ‘తెరుచుకుంది’ అనాలా?

సందేహం: పాలిటెక్నిక్ విద్యార్థులకు డేటాబేస్ ల్యాబ్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. ‘విండో తెరవబడింది’, ‘డేటాబేస్ మూసివేయబడింది’ అని రాస్తే పిల్లలకు ఎబ్బెట్టుగా ఉందట. ‘ఓపెన్ అయింది’, ‘క్లోజ్ అయింది’ అని రాసేయడమే నయమా?

సమాధానం: పిల్లల చెవి చెప్పిందే నిజం. ‘బడు’ చేర్చడాన్ని వ్యాకరణం ఒప్పుకున్నా వాడుక ఒప్పుకోదు. తలుపు తెరవబడిందని ఏ ఇంట్లోనూ అనరు. ఎవరైనా తెరిస్తే తెరిచారంటాం, దానంతటదే జరిగితే తెరుచుకుందంటాం. మీ విద్యార్థులు ‘ఓపెన్ చేశాను’, ‘ఓపెన్ అయింది’ అంటున్నప్పుడు మాట ఇంగ్లీషుదే కానీ ఈ తెలుగు తేడా చెక్కుచెదరలేదు. దాన్ని చెరిపేసింది మీ ‘తెరవబడింది’. కనుక ఐకాన్ నొక్కితే విండో తెరుచుకుంటుందని రాయండి. పని మధ్యలో ప్రోగ్రామ్ ఉన్నట్టుండి మాయమైతే ‘మూసుకుపోయింది’. అనుకోకుండా జరిగిందన్న సంగతి ఆ ‘పోయింది’లోనే ఉంది. ‘మూతపడింది’ మాత్రం వద్దు. మిల్లులూ బడులూ మూతపడతాయి, మళ్ళీ తెరుస్తారన్న ఆశ అందులో ఉండదు.

మాటల్లో మనం తలుపు తీస్తాం, తలుపు వేస్తాం. ఆ అలవాటుకొద్దీ ‘ఫైలు తియ్యి’ అంటే, చూపించమన్నారో తొలగించమన్నారో తెలియదు. ల్యాబ్‌లో ఈ పొరపాటు చిన్నది కాదు. రాతలో ‘తెరుచు’ మేలు. జిప్ ఫైలుకైతే ‘విప్పు’ చక్కగా అమరుతుంది.

‘తెరచండి’ అనే తప్పు రూపం చాలాచోట్ల కనిపిస్తోంది. పిలుస్తాను, పిలిచాను, పిలవండి అన్నట్టే తెరుస్తాను, తెరిచాను, తెరవండి. బటన్ మీది మాట మనం యంత్రానికి ఇచ్చే ఆజ్ఞ, అక్కడ ‘తెరువు’ చాలు. యంత్రం మనకిచ్చే సూచనలో ‘తెరవండి’ ఉండాలి. ఈ రెండూ కలగాపులగమైతే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అర్థం కాదు.

విండో మూయడం, ప్రోగ్రామ్ ముగించడం వేరువేరు పనులు. మాక్‌లో ఎర్ర బటన్ నొక్కితే విండో మూసుకుంటుంది, ప్రోగ్రామ్ చాలావరకు నడుస్తూనే ఉంటుంది. విండోస్‌లో చివరి విండో మూస్తే సాధారణంగా ప్రోగ్రామ్ కూడా ఆగుతుంది. అందుకని ‘విండో మూయండి’, ‘ప్రోగ్రామ్ ముగించండి’ అని విడివిడిగా రాయడం అవసరం.

ఇక డేటాబేస్. ఆక్సెస్, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో అది మామూలుగా ఒకే ఫైలు, కాబట్టి తెరవడం, మూయడం అతికినట్టు సరిపోతాయి. ఎస్‌క్యూలైట్ ఫంక్షన్ల పేర్లలోనే ఓపెన్, క్లోజ్ ఉన్నాయి. సర్వర్ మీద నడిచే ఒరాకిల్‌లో డేటాబేస్‌ను మొదలుపెట్టడానికి నోమౌంట్, మౌంట్, ఓపెన్ అని మూడు దశలు. మూడోది పూర్తయ్యాకే మామూలు వాడుకరులు పట్టికలు చదవగలరు. తెరిచేది నిర్వాహకుడు, విద్యార్థి కాదు. అలాంటిదే అయిన మైఎస్‌క్యూఎల్‌లోనూ విద్యార్థి అప్పటికే నడుస్తున్న సర్వర్‌కు కనెక్ట్ అవుతాడంతే. అక్కడ ‘డేటాబేస్ తెరవండి’ అని రాస్తే భాషే కాదు, పాఠమూ తప్పుతుంది. ‘కనెక్ట్ అవ్వండి’ అని రాయండి, ఆ ఇంగ్లీషు మాటకు వెరవనక్కర్లేదు. పని అయ్యాక ‘కనెక్షన్ మూయండి’. నెట్‌వర్క్ పోయి దానంతటదే ఆగితే ‘కనెక్షన్ తెగిపోయింది’.